ఆ ముఖం ఎవరి సొత్తు?

చిత్రశాల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కిందటి సంచికలో ఫ్రెంచి దర్శకుడు రొబేర్ బ్రెస్సన్ 1969లో తీసిన ‘ఉన్ ఫామ్ దూస్’ చిత్రాన్ని పరిచయం చేశాను. సౌమ్యురాలు అని ఆ పేరుకు అర్థం. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. పారిస్‌లో తాకట్టు కొట్టు నడిపే ఒకతను, వస్తువులు కుదువ పెట్టడానికి వచ్చే ఒక పేద యువతిని పట్టుబట్టి పెళ్లి చేసుకుంటాడు. ఆమె బాల్కనీ నుంచి దూకి చనిపోవడంతోనే చిత్రం మొదలవుతుంది. శవాన్ని పడుకోబెట్టిన గదిలో పచార్లు చేస్తూ, పనిమనిషి ఆన్నాకు అతను తమ కాపురం కథ చెప్పుకుపోవడమే మిగిలిన సినిమా. దీనికి మూలం రష్యన్ రచయిత దస్తయేవ్‌స్కీ 1876 నవంబరులో తన ‘రచయిత దినచర్య’లో ప్రచురించిన పెద్దకథ. భార్యగా డొమినిక్ సాండా, భర్తగా గీ ఫ్రాంజాన్ కనిపిస్తారు.

ఉత్తరాలు ఎక్కువగా బెంగళూరు నుంచే వచ్చాయి. కొందరు పేర్లు వేయవద్దని కోరినందువల్ల అందరి పేర్లూ వదిలేసి పేటల పేర్లు మాత్రం ఉంచాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా కుదించాను.

మల్లేశ్వరం నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు: సావిత్రి, ఎస్.వి. రంగారావుల నటన చూస్తూ పెరిగినవాణ్ని. మీరు మెచ్చుకున్నారని మా అమ్మాయి చేత ల్యాప్‌టాప్‌లో పెట్టించుకుని ఈ చిత్రం చూశాను. ఎవరూ ఏడవరు, ఎవరూ గొంతెత్తరు. భార్య శవం ముందు నిలబడిన భర్త కూడా చిట్టా పద్దు చదువుతున్నట్టే మాట్లాడతాడు. దీన్ని నటన అనాలా, నటన చేతకాకపోవడం అనాలా?

జవాబు: చేతకాక అలా ఉన్నారని మాత్రం అనలేం, ఎందుకంటే ఆ తీరు రాబట్టడానికి బ్రెస్సన్ చాలా కష్టపడేవాడు. తన చిత్రాల్లో కనిపించేవారిని ఆయన నటులని పిలవలేదు, ‘మోడల్స్’ అన్నాడు. వృత్తి నటులను పక్కనబెట్టి, అంతకుముందు కెమెరా ముందు ఒక్క మాటైనా పలకనివారిని ఏరుకునేవాడు. డొమినిక్ సాండాకు ఇదే మొదటి చిత్రం, అప్పటికి ఆమె ఫ్యాషన్ పత్రికలకు ఫొటోలు దిగే అమ్మాయి. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పించి, అందులో భావం నింపాలన్న ప్రయత్నం పూర్తిగా రాలిపోయి మాట తనంతట తాను నోటి నుంచి వచ్చేదాకా ఆయన ఆగేవాడు. 1975లో అచ్చయిన తన సూత్రాల పుస్తకంలో ఆయన చెప్పేదేమిటంటే, నటుడిలో కదలిక లోపలి నుంచి బయటికి వస్తుంది, తన మోడల్స్‌లో మాత్రం బయటి నుంచి లోపలికి పోతుంది.

మన లాక్షణికుల లెక్కలో అభినయం నాలుగు విధాలు, అందులో సాత్వికాన్ని తలమానికంగా భావిస్తారు. కన్నీరు, వణుకు, గొంతు పూడుకుపోవడం వంటివన్నీ అందులోకి వస్తాయి. ఆ కొలతతో చూస్తే బ్రెస్సన్ ఆంగికాన్ని (దేహ కదలికలను), వాచికాన్ని (మాట తీరును) కత్తిరించడమే కాక ఆ తలమానికాన్ని కూడా తీసి పక్కన పెట్టేశాడనిపిస్తుంది. నాకు తోచింది వేరు. ఆయన దాన్ని మనిషి ముఖం మీద నుంచి తీసి వస్తువులకూ శబ్దాలకూ అప్పగించాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు, మూసుకునే తలుపు, కొట్టు బల్ల మీద లెక్కపెట్టి పెట్టే నోట్లు, ఆమె వేసుకునే గ్రామఫోను రికార్డు హఠాత్తుగా ఆగడం, ఇవన్నీ ఇక్కడ కన్నీళ్లు చేసే పని చేస్తున్నాయి. వినడం అలవాటైతే ఈ చిత్రంలో చప్పుడు చేయని నిమిషం దాదాపు ఉండదు.

ఇంకో సంగతి. నటన గురించిన ఈ తగవు చిత్రంలోనే ఒకచోట ఉంది. దంపతులిద్దరూ ఒక రాత్రి ‘హామ్లెట్’ నాటకానికి వెళతారు. రంగస్థలం మీద నటులు గొంతులు చించుకుంటూ కత్తులు దూస్తుంటారు. ఇంటికి తిరిగి రాగానే ఆమె పుస్తకం తీసి, హామ్లెట్ నటులకు బుద్ధి చెప్పే చోటు వెతుకుతుంది. మాటను నాలుక మీద తేలికగా నడిపించండి, దండోరా వేసేవాడిలా అరవకండి, చేతులతో గాలిని నరకకండి అని రాకుమారుడు హెచ్చరించే భాగం అది. ప్రదర్శనలో ఆ భాగాన్ని తీసేశారు. ఎందుకు తీసేశారో ఆమెకు తెలుసు, అరవడానికి అడ్డం లేకుండా ఉండేందుకు. చిత్రం మొత్తం మీద ఆమె ఇంత సూటిగా, ఇంత నమ్మకంగా మాట్లాడిన సందర్భాలు చాలా తక్కువ. భర్త పక్కన నోరు మెదపని అమ్మాయి షేక్స్‌పియర్ విషయంలో రాజీపడదు.

మన రంగస్థలానికి ఇది బొత్తిగా కొత్త వాదమేమీ కాదు. పద్యాన్ని రాగాలాపనతో సాగదీసి చప్పట్లు కొట్టించుకునే రోజుల్లో, పాత్ర మనసును పట్టుకుని మాట్లాడాలని పోరినవాడు బళ్లారి రాఘవ. వృత్తి వకాలతు కాబట్టి గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేకపోయి ఉంటుంది. అయితే రాఘవ కోరిన సహజత్వం వేరు, బ్రెస్సన్ చేసింది వేరు. సహజంగా ఎవరూ ఇలా మాట్లాడరు. ఈ పొడితనం కావాలని చేసిన కల్పన.

ఆ కల్పన దేనికంటే, భర్త చిత్రమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంటాడు, ఆమె మనసులో ఏముంది అని. సాండా ఒక్కసారి కెమెరా వైపు తిరిగి కళ్లనీళ్లు పెట్టుకుని ఉంటే, భర్తకు అందనిది మనకు అంది ఉండేది. పాపం అనుకుని, ఆమె మనదైపోయిందని తృప్తిపడి ఇంటికి వెళ్లేవాళ్లం. ఆ తృప్తి దర్శకుడు మనకు ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వని ఆ ముఖమే ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన ఏకైక ఆస్తి, దాన్ని మనకు కూడా తాకట్టు పెట్టనివ్వలేదు. మీకు కలిగిన అసహనం నాకూ మొదటిసారి కలిగింది. అది ఆ భర్తకు కలిగే అసహనమేనని గమనించిన తరువాత చిత్రం నాకు వేరుగా కనిపించింది. ఇక సావిత్రి విషయం: ఆమె గొప్పతనం కూడా కన్నీటిని ధారగా కార్చిన చోట కంటే, రెప్ప వెనక ఆపుకున్న చోటే ఎక్కువగా తెలుస్తుందని మీరూ ఒప్పుకుంటారనుకుంటాను.

బొమ్మనహళ్లి నుంచి ఒక పాఠకుడు: ఆమె నిజంగా మరొకరితో సంబంధం పెట్టుకుందా, లేదా? దర్శకుడు తేల్చకుండా వదిలేయడం ప్రేక్షకుణ్ని మోసం చేయడం కాదా?

జవాబు: దస్తయేవ్‌స్కీ కథలో భర్త తలుపు చాటున కూర్చుని, ఆమెకూ ఆ మరో మనిషికీ జరిగిన సంభాషణ అంతా విని, ఆమె తప్పేమీ చేయలేదని తేల్చుకుంటాడు. బ్రెస్సన్ ఆ తలుపు చాటును తీసేసి, ఆగి ఉన్న ఒక కారులో ఆమెను మరో మగవాడి పక్కన కూర్చోబెట్టాడు. అంతకు మించి మనకు ఇచ్చింది లేదు. తేల్చి చెప్పి ఉంటే ఆమె పతివ్రత కాబట్టి జాలిపడాలనో, కాదు కాబట్టి భర్తను క్షమించాలనో మనం తీర్పు రాసుకునేవాళ్లం. తీర్పుకు సాక్ష్యం కావాలన్న ఆరాటం ఆ చిత్రంలో ఒకే ఒక్క మనిషికి ఉంది, అతను కొట్టు యజమాని.

మారతహళ్లి నుంచి ఒక యువకుడు (ఇదే ప్రశ్న ఇంకా ముగ్గురు అడిగారు): నాకు భర్త మీదే జాలి కలిగింది. అతను ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. పేదరికంలో ఉన్న అమ్మాయికి ఇల్లు ఇచ్చాడు. తుపాకీ గురిపెట్టినా క్షమించాడు. జబ్బు చేస్తే వైద్యం చేయించాడు. చివరికి కాళ్ల మీద పడ్డాడు. ఇంతకంటే ఏం చేయాలి? అతణ్ని మీరు నేరస్తుడన్నట్టు రాయడం న్యాయమా?

జవాబు: మీరు చెప్పినవన్నీ చిత్రంలో ఉన్నాయి. కానీ అవి మీకు ఎవరు చెప్పారో ఒకసారి ఆలోచించండి. అన్నీ ఆ భర్తే చెబుతున్నాడు. వినేది జీతానికి పనిచేసే ఆన్నా, ఎదురు మాట్లాడవలసినది మంచం మీద శవమై ఉంది. ఇంత అనుకూలమైన కోర్టు ఏ ముద్దాయికి దొరుకుతుంది? అంత అనుకూలత ఉన్నా అతని వాంగ్మూలంలోనే అతనికి వ్యతిరేకమైన సాక్ష్యాలు రాలిపడుతుంటాయి. దస్తయేవ్‌స్కీ కథ నడిపిన నేర్పు అదే, బ్రెస్సన్ దాన్ని చెక్కు చెదరకుండా దించాడు.

మొదట కొట్టు సంగతి చూద్దాం. ఆమె ఒక సిలువను కుదువ పెట్టడానికి తెస్తుంది. అతను దాని మీది క్రీస్తు బొమ్మను విడదీసి, బంగారాన్ని మాత్రం తీసుకోబోతాడు. చిక్‌పేటలోనో అవెన్యూ రోడ్డులోనో తాకట్టు కొట్టు మెట్లెక్కిన ఎవరికైనా ఇది తెలిసిన పనే. రాయి తీసి పసిడి తూచడం ఆ వ్యాపార ధర్మం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పల్లా అతను ఆ త్రాసుతోనే ఇంట్లోకి నడిచి రావడంలో ఉంది. మనిషిలో తనకు పనికివచ్చే భాగమేదో, విడదీసి పక్కన పెట్టవలసినదేదో అతను ముందే నిర్ణయించుకుని ఉన్నాడు.

పెళ్లయిన రాత్రి ఆమె నవ్వుతుంది, గదిలో గంతులేస్తుంది. చిత్రం మొత్తం మీద ఆమెను అంత సంతోషంగా మనం మళ్లీ చూడం. ఆ ఉత్సాహం మీద తాను నీళ్లు చల్లానని భర్తే చెప్పుకుంటాడు, అదీ పశ్చాత్తాపంతో కాదు, అదొక పద్ధతి అన్నట్టు. అతని పాత ఉద్యోగం అవమానకరంగా పోయింది. కథలో అతను ద్వంద్వయుద్ధానికి సిద్ధపడలేదని సైన్యం వదలవలసి వచ్చినవాడు, చిత్రంలో బ్యాంకు కొలువు పోగొట్టుకున్నవాడు. ఆ గాయాన్ని అతను ఆమెకు చెప్పడు. తాను నోరు విప్పకుండానే తన ఔన్నత్యాన్ని ఆమె గ్రహించాలి, గ్రహించి గౌరవించాలి, అప్పుడు తాను కరుగుతాడు. ఇలాంటి పరీక్షలు పెట్టే భర్తలు మన ఇళ్లలో లేరని ఎవరూ ప్రమాణం చేయలేరు. పరీక్ష ఉందని చెప్పకుండా పరీక్ష పెట్టి, తప్పారని అలిగి కూర్చోవడం వారి అలవాటు.

ఇక డబ్బు. ఆమె కొట్టులో కూర్చున్నప్పుడు పేదవాళ్లు తెచ్చిన వస్తువులకు వాటి విలువను మించి ఇస్తుంది. అది తన డబ్బని అతను గుర్తుచేస్తాడు. ఇక్కడ ఆ దేశపు చరిత్ర కొంచెం తెలిస్తే మంచిది. ఫ్రాన్సులో పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి, తన పేర బ్యాంకు ఖాతా తెరవడానికి చట్టం ఒప్పుకున్నది 1965 జూలైలోనే. చిత్రం వచ్చేనాటికి ఆ చట్టానికి నాలుగేళ్లు. పందొమ్మిదో శతాబ్దపు రష్యా కథను బ్రెస్సన్ తన నాటి పారిస్‌కు తెచ్చినప్పుడు, కాలదోషం పట్టినట్టు అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

మీరు క్షమించాడన్న తుపాకీ ఘట్టం. నిద్రపోతున్న భర్త కణతకు ఆమె తుపాకీ ఆనిస్తుంది. అతను ఒక్క క్షణం కళ్లు తెరిచి, చూసి, మళ్లీ మూసుకుంటాడు. ఆమె కాల్చలేక చేయి దించేస్తుంది. నా దృష్టిలో చిత్రంలో అతి భయంకరమైన నటన ఇదే, అందులో నటన అన్నదేమీ కనిపించకపోయినా. ఫ్రాంజాన్ ముఖంలో ఏమీ కదలదు. కానీ ఆ క్షణం నుంచి అతను గెలిచినవాడు. నిన్ను నేను చూశాను, నువ్వు చేయలేకపోయావు, నేను భయపడలేదు. ఆ రోజే వెళ్లి ఆమె కోసం వేరే ఇనుప మంచం కొనుక్కొస్తాడు. ఒక్క మాట కూడా అనడు. మంచం చూడగానే అతనికి అంతా తెలుసునని ఆమెకు అర్థమవుతుంది. దీన్ని మీరు క్షమ అంటున్నారు. తీర్చలేని అప్పును పద్దులో రాసుకుని, వసూలు చేయకుండా ఊరికే చూపిస్తూ ఉండటాన్ని నేను క్షమ అనలేను. ఆమె జబ్బు పడేది ఆ తరువాతే.

అన్నిటికంటే కష్టమైనది ఆఖరి ఘట్టం, మీ ప్రశ్నకు బలమూ అక్కడే ఉంది. జబ్బు నుంచి కోలుకున్న ఆమె ఒకనాడు అతను ఇంట్లో ఉండగానే సన్నగా పాడుకుంటుంది. తాను ఉన్న సంగతే మరిచిపోయి పాడుతోందని అతనికి తగులుతుంది. అప్పుడు కరిగిపోతాడు. ఆమె ముందు మోకరిల్లుతాడు, కొట్టు అమ్మేస్తానంటాడు, దూరదేశం వెళదామంటాడు, ప్రేమనంతా కుమ్మరిస్తాడు. ఆమె నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: మీరు నన్ను ఇలాగే వదిలేస్తారనుకున్నాను.

తెలుగు సినిమా అయితే ఇది ముగింపు ముందు వచ్చే కలయిక అయి ఉండేది. వెనక వీణ, ముందు కన్నీళ్లు, శుభం కార్డు. ఇక్కడ మాత్రం అతని మౌనం కంటే అతని ప్రేమే ఆమెను ఎక్కువ భయపెడుతుంది. మౌనంగా ఉన్నంతకాలం ఆమెకు ఒక మూల, ఒక పాట, ఒక వేరే మంచం మిగిలాయి. ఇప్పుడు అతను అవి కూడా కోరుతున్నాడు. తిరస్కారంతో సొంతం చేసుకోలేకపోయినదాన్ని ఆరాధనతో సొంతం చేసుకోబోతున్నాడు. మంచి భార్యగా ఉంటానని, గౌరవిస్తానని ఆమె మాట ఇస్తుంది, ఆ మాట నిలబెట్టుకోలేనని బహుశా అప్పుడే తెలుసుకుంటుంది. ప్రయాణం ఏర్పాట్ల కోసం అతను బయటికి వెళ్లిన సమయంలోనే ఆమె బాల్కనీలోకి వెళుతుంది.

మీరు అడిగిన ‘ఇంతకంటే ఏం చేయాలి’ అన్నదానికి సమాధానం ఆమె మాటలోనే ఉందనుకుంటాను. అతను నేరస్తుడని నేను అనలేదు, ఇప్పుడూ అనను. నేరస్తుడైతే కథ ఇంత బాధించేది కాదు. అతని మీద మీకు కలిగిన జాలి తప్పు కూడా కాదు, కాకపోతే ఆ జాలి కూడా అతను అడిగి తీసుకున్నదే.

జయనగర్ నుంచి ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని: భార్య భర్త సొత్తన్న భావన మన చట్టంలో ఇంకా మిగిలి ఉందా? మా తరగతిలో ఈ చిత్రం మీద చర్చ జరిగింది.

జవాబు: మీరు నాకంటే బాగా చదివి ఉంటారు, అయినా అడిగారు కాబట్టి చెబుతాను. వివాహితతో పరపురుషుడి సంబంధం ఆమె భర్త సమ్మతి ఉంటే నేరం కాదు, లేకపోతే నేరం అన్నట్టు రాసిన భారత శిక్షాస్మృతి 497వ సెక్షనును సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. భర్త భార్యకు యజమాని కాడని ఆ తీర్పు స్పష్టంగా చెప్పింది. 2005 నాటి గృహహింస చట్టం దెబ్బలతో ఆగకుండా మాటలతో, డబ్బుతో, మానసికంగా వేధించడాన్ని కూడా హింస కిందికి తెచ్చింది. మన కథలోని ఇనుప మంచం ఏ సెక్షను కిందికి వస్తుందో మీ తరగతిలో వాదించుకోవచ్చు. ఏ సెక్షనులోనూ ఇమడదని నా అనుమానం.

తెలుగువాళ్లు మరిచిపోకూడని తీర్పు ఇంకొకటి ఉంది. హిందూ వివాహ చట్టం 9వ సెక్షను ప్రకారం, విడిగా ఉంటున్న భార్య గానీ భర్త గానీ తిరిగి కాపురానికి రావాలని కోర్టు ద్వారా కోరవచ్చు. ఒక సినీనటి మీద ఆమె భర్త కడప కోర్టులో వేసిన ఇలాంటి దావా హైకోర్టుకు చేరినప్పుడు, 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షను రాజ్యాంగ విరుద్ధమన్నారు. స్త్రీ దేహం మీద నిర్ణయాన్ని ఆమె చేతి నుంచి తీసి రాజ్యానికి అప్పగించడం ఆమె స్వేచ్ఛకు, ఆంతరంగికతకు భంగమన్నది ఆయన వాదనలోని సారం. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు మరో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షనును నిలబెట్టింది. ‘నన్ను ఇలాగే వదిలేస్తారనుకున్నాను’ అన్న వాక్యాన్ని న్యాయపరిభాషలో రాయవలసి వస్తే చౌదరిగారి తీర్పుకు దగ్గరగా వస్తుంది.

ఒక పాఠకురాలు (పేట పేరు కూడా వద్దన్నారు): పెళ్లయి పదకొండేళ్లయింది. ఈ సినిమా చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు. నాకు అర్థం కానిది ఒకటే, ఆమె ఎందుకు చచ్చిపోవాలి? తలుపు తీసుకుని వెళ్లిపోకూడదా? కళాఖండం కావాలంటే ఆడది చావవలసిందేనా?

జవాబు: మీ అభ్యంతరం సరైనదే, దాన్ని వివరణలతో తోసిపుచ్చదలచుకోలేదు. దస్తయేవ్‌స్కీకి ఈ కథ తట్టింది ఒక వార్త వల్ల. పీటర్స్‌బర్గ్‌లో బతుకుతెరువు దొరకని ఒక కుట్టుపని అమ్మాయి దేవుడి పటాన్ని గుండెకు హత్తుకుని మేడ మీద నుంచి దూకిందని 1876లో పత్రికల్లో వచ్చింది. అంటే మొదట ఒక నిజమైన చావు ఉంది, దానికి కారణం వెతుకుతూ కథ పుట్టింది. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ బ్రెస్సన్ రెండేళ్ల ముందు తీసిన ‘మూషెత్’ కూడా ఒక చిన్నపిల్ల మడుగులోకి దొర్లిపోవడంతోనే ముగుస్తుంది. మన గురజాడ పూర్ణమ్మ కూడా, ముసలి మొగుడికి సొమ్ముకోసం కట్టబెట్టిన తండ్రిని ఒక్క మాట అనకుండా, దుర్గ కొలనుకే వెళ్లింది. మగ రచయితల చేతుల్లో సౌమ్యురాళ్లకు నీరో, మేడో తప్ప మూడో దారి దొరకడం అరుదు.

ఈ చిత్రంలో ఆ చావును చూపిన తీరు గురించి కూడా నాకొక పేచీ ఉంది. ఆమె దూకడం మనకు కనబడదు. బాల్కనీలో బల్ల ఒరుగుతుంది, కుర్చీ ఊగుతూ ఉంటుంది, తెల్లని శాలువా ఒకటి గాలిలో తేలుతూ దిగుతుంది, కింద వీధిలో బ్రేకులు కీచుమంటాయి. దర్శకుడి నిగ్రహానికి ఇది పరాకాష్ఠ అని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ శాలువా అవసరమైనదానికంటే కొంచెం అందంగా ఉందనిపిస్తుంది. ముఖాల విషయంలో అలంకారం వద్దన్న మనిషి, చావు విషయంలో చేయి జారవిడిచాడేమో. చివరి దృశ్యం ఆ లోపాన్ని కొంత దిద్దుతుంది. భర్త శవం తల పైకెత్తి, ఒక్క క్షణం కళ్లు తెరవమని బతిమాలుకుంటాడు. ఆ తరువాత శవపేటిక మూతకు మరలు బిగిస్తారు. అందులో అందమేమీ లేదు.

ఆమె వెళ్లిపోకూడదా అన్నారు. వెళ్లవచ్చు, వెళ్లగలిగితే బాగుండేది, మీలాంటి ప్రేక్షకురాలు చిత్రాన్ని అలా ఎదిరించి చూడటం నాకు నచ్చింది. ఇది సినిమా శీర్షికే అయినా మీ ఉత్తరంలో రెండు వాక్యాలు నన్ను ఆపాయి కాబట్టి ఒక మాట రాస్తున్నాను. మనసు మరీ బరువెక్కితే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. ఇంట్లో పరిస్థితి వల్ల సాయం కావాలంటే మహిళల సహాయ నంబరు 181. మీకు నమ్మకమైన మనిషి ఒకరితో ఈ రోజే మాట్లాడండి.

యలహంక నుంచి ఒక దంపతుల జంట: ఈ చిత్రం తరువాత ఏం చూడమంటారు? ఇలాంటి నటన మన దేశంలో ఎవరైనా చేయించారా?

జవాబు: హిందీ చిత్ర దర్శకుడు మణి కౌల్ చేయించాడు. విచిత్రమేమిటంటే ఇదే దస్తయేవ్‌స్కీ కథను ఆయన 1990లో ‘నజర్’ పేరుతో హిందీలో తీశాడు. తాకట్టు కొట్టుకు బదులు బొంబాయిలో పాత వస్తువుల దుకాణం, ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటు. భర్తగా అప్పటికే దర్శకుడిగా ప్రసిద్ధుడైన శేఖర్ కపూర్, భార్యగా మణి కౌల్ కుమార్తె శాంభవి. బ్రెస్సన్ దగ్గర దృశ్యాల కోత (ఎడిటింగ్) గట్టిగా ఉంటుంది, ఇక్కడ కెమెరా నెమ్మదిగా జారుతూ పోతుంది. ఓపిక తక్కువైతే మొదట దీన్ని పెట్టుకోకండి.

దానికంటే ముందు ఆయన మొదటి చిత్రం ‘ఉస్కీ రోటీ’ చూడండి. ఇదీ 1969 నాటిదే, మోహన్ రాకేశ్ కథ ఆధారంగా తీసినది. బస్సు డ్రైవరు భర్తకు రొట్టెలు కట్టుకుని రోడ్డు పక్కన నిలబడే బాలో అనే పల్లెటూరి ఇల్లాలి కథ అంతే. ఇక్కడ చావు లేదు, తుపాకీ లేదు, ఎదురుచూపు ఉంది. మణి కౌల్ బ్రెస్సన్ దగ్గర ఏం నేర్చుకున్నాడో, దాన్ని పంజాబు ఎండలో ఎలా నిలబెట్టాడో అందులో తెలుస్తుంది. కె.కె. మహాజన్ ఛాయాగ్రహణం కోసమైనా పెద్ద తెర మీద చూడవలసిన చిత్రం. ఊళ్లో ఫిలిం సొసైటీల ప్రదర్శనల మీద ఒక కన్నేసి ఉంచండి, బనశంకరిలోని సుచిత్ర 1971 నుంచి ఈ పని చేస్తున్నదే. ‘ఉన్ ఫామ్ దూస్’ను రెండోసారి చూసేటట్టయితే మాత్రం తెర కింద వచ్చే అనువాద అక్షరాలు (సబ్‌టైటిళ్లు) తీసేసి, శబ్దం కాస్త పెంచి పెట్టుకోండి. కథ ఎలాగూ తెలుసు కాబట్టి చెవికి పని దొరుకుతుంది.